లింఫోమా మీద రీసెర్చ్‌కి నెల్లూరు చాలదా? కావలి కుర్రాడికి ఒక పాథాలజిస్టు జవాబు

అడిగింది క్లుప్తంగా ఇదీ: "మాది కావలి. ఎండీ పాథాలజీ రెండో సంవత్సరం. లింఫోమా (లింఫ్ గ్రంథుల కేన్సర్), కేన్సర్ నిర్ధారణ మీద రీసెర్చ్ చేయాలని ఉంది. ఇంట్లో వాళ్ళు చదువు కాగానే ల్యాబ్ పెట్టుకోమంటున్నారు. నెల్లూరు, ఒంగోలు లాంటి చోట ఉండి ఇది అయ్యే పనేనా, బయటి దేశం పోవాల్సిందేనా? అసలు పాథాలజిస్టు చేసే రీసెర్చ్ ఎలా ఉంటుంది మేడమ్?"

నాయనా, నిన్ను నువ్వనే అంటాను, ఏమీ అనుకోవద్దు. మా చిన్నవాడు నీకంటే పెద్దవాడే అయి ఉంటాడు. నెల్లూరులో కొన్నేళ్ళు, తర్వాత ఒంగోలులో, మొత్తం ముప్పై ఏళ్ళకు పైగా మైక్రోస్కోప్ ముందు కూర్చున్నదాన్ని. పెద్ద సంస్థల్లో పనిచేసిన దాన్ని కాదు. నా పేరుతో వచ్చిన పేపర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ మేరకే నా మాట తీసుకో.

అయ్యే పనే. కానీ రీసెర్చ్ అనగానే నీ కళ్ళ ముందుకొచ్చే బొమ్మ ముందు చెరిపెయ్. వరసగా మెషీన్లు, రంగురంగుల జన్యువుల గ్రాఫులు, ఏసీ గది. అదీ రీసెర్చే, మన దగ్గర లేదు. పాథాలజిస్టుకి ముడిసరుకు వేరే. రోగి మెడలోంచి తీసిన గడ్డ, దాన్ని పాతిపెట్టిన మైనపు బ్లాకు, దాని మీద మనం రాసిన రిపోర్టు, ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడన్న కబురు. ఈ నాలుగూ ఒకచోట చేరితే అది రీసెర్చ్. మొదటి మూడూ కావలి నుంచి మార్కాపురం దాకా ముక్క పరీక్ష (బయాప్సీ) చేసే ప్రతిచోటా ఎంతో కొంత ఉన్నాయి. నాలుగోదాని జోలికి ఎవరూ పోరు. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ నాలుగోదాని వెంట పడటంతోనే గడిచిపోయింది.

మా నాన్న నెల్లూరులో ఒక రైసుమిల్లులో గుమస్తా. బస్తాలు దిగగానే మొన తేలిన ఇనప గొట్టం ఒకటి గోనెలోకి పొడిచేవాడు. అరచేతిలోకి జారిన గింజల్ని ఎండకు పెట్టి చూసి రకం ఏంది, పాతదా కొత్తదా, నూక ఎంత, అన్నీ చెప్పేసేవాడు. మన సూది పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ, అంతకంటే వేరు కాదు. కానీ అనుమానం వస్తే మాత్రం గొట్టాన్ని నమ్మేవాడు కాదు, బస్తా కుమ్మరించమనేవాడు. గొట్టానికి గింజ తెలుస్తుందిగానీ, పైన ఏం పోశారు, అడుగున ఏం కలిపారు అనేది తెలియదు కదా.

లింఫోమాలో తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే. మామూలు లింఫ్ గ్రంథిలో బి, టి అనే రెండు రకాల తెల్లకణాలకు ఒక అమరిక ఉంటుంది. అంచు వెంబడి బి కణాల గుండ్రటి ముద్దలు, వాటి మధ్య సందుల్లో టి కణాలు, లోపల లింఫ్ పారే సన్నటి కాలవలు. లింఫోమా వస్తే ఆ అమరిక చెరిగిపోతుంది. కొన్ని రకాల్లో కణం చూడ్డానికి మామూలు కణంలాగే అమాయకంగా ఉంటుంది, చెడిందల్లా అమరికే. సూదితో లాగితే అమరిక చిందరవందర అయి కణాలే మిగులుతాయి. అందుకే అనుమానం ఉన్నప్పుడు గడ్డను మొత్తంగా తీయించాలి. ఈ ఒక్క ముక్క మన రెండు జిల్లాల్లో డాక్టర్లందరి చెవినా పడితే చాలనిపించిన రోజులున్నాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను, ఎందుకంటే నా రీసెర్చ్ మొదలైందే దాని నుంచి.

కనిగిరి వైపు అమ్మాయి, పంతొమ్మిదేళ్ళు. మెడ పక్కన బిళ్ళ కట్టింది, సాయంత్రమైతే జ్వరం, బరువు తగ్గింది. సూది పరీక్ష నేనే చేశాను. స్లైడులో గ్రాన్యులోమాలు, అంటే రోగనిరోధక కణాలు గుంపుకట్టిన ముద్దలు, కనబడ్డాయి. మన దేశంలో మెడలో గడ్డ, సాయంత్రం జ్వరం, స్లైడులో గ్రాన్యులోమా అంటే ఇంకేముంది, టీబీ. ఏఎఫ్‌బీ రంగు వేస్తే టీబీ క్రిమి కనబడలేదు. గ్రంథి టీబీలో అది కనబడకపోవడం మామూలే గనక "టీబీకి అనుగుణంగా ఉంది" అని సంతకం పెట్టేశాను. ఆరు నెలల మందులు మొదలయ్యాయి. మొదట్లో కాస్త తగ్గినట్టే అనిపించిందట. కోర్సు అయ్యేసరికి చంకలో కూడా గడ్డలు తేలాయి. అప్పుడు ఒక సర్జన్ గడ్డ మొత్తం తీసి పంపాడు. అది హాడ్జ్‌కిన్ లింఫోమా.

ఆ సాయంత్రం అందరూ ఇళ్ళకు పోయాక చెక్కపెట్టెలోంచి ఆ పాత స్లైడు వెతికి తీశాను. గ్రాన్యులోమాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, నేనేమీ లేనిది చూడలేదు. తర్వాత అద్దం అంచు దాకా వరసలు వరసలుగా జరుపుకుంటూ పోయాను, పొలం దున్నినట్టు. చివరి వరసలో, రక్తకణాల మధ్య, ఒకే ఒక్క పెద్ద కణం. రెండు కేంద్రకాలు, ఒక్కోదాని నడిమధ్య ఎర్రటి చుక్క. గుడ్లగూబ మొహం. రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం, హాడ్జ్‌కిన్‌కి గుర్తు. ఆరు నెలలుగా నా పెట్టెలోనే కూర్చుని ఉంది. గ్రాన్యులోమా కనబడగానే నా చెయ్యి ఆగిపోయింది, అంచు దాకా పోలేదు. అంతే జరిగింది.

హాడ్జ్‌కిన్ లింఫోమాలో ఉన్న చిక్కే ఇది. గడ్డ మొత్తంలో అసలు కేన్సర్ కణాలు నూటికి ఒకటో రెండో. మిగతాదంతా వాటి చుట్టూ పోగైన మన సొంత కణాలే. ఆ గుంపులో గ్రాన్యులోమాలు కూడా ఉండొచ్చు. కాబట్టి గ్రాన్యులోమా ఉన్నంత మాత్రాన లింఫోమా లేదని కాదు. అమ్మాయి అదృష్టం, హాడ్జ్‌కిన్ మందులకు బాగా లొంగే జబ్బు. చెన్నైలో కీమో తీసుకుని కోలుకుంది. నాకు మాత్రం చాన్నాళ్ళు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఈ తప్పు నాతో మొదలైంది కాదని తర్వాత చదివితే తెలిసింది. లండన్‌లో గైస్ ఆస్పత్రిలో పనిచేసిన థామస్ హాడ్జ్‌కిన్ 1832లో ఏడుగురి గ్రంథుల గురించి రాశాడు, మైక్రోస్కోప్ సాయం లేకుండా, కంటితో చూసినదాన్ని బట్టే. 1898లో వియన్నాలో స్టెర్న్‌బర్గ్ ఆ పెద్ద కణాల్ని చక్కగా వర్ణించాడు, కానీ ఇది టీబీలోనే ఒక వింత రకం అనుకున్నాడు. అంత పెద్దాయనా నాలాగే గ్రాన్యులోమా దగ్గర ఆగిపోయాడన్నమాట. 1902లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో డొరొతీ రీడ్ అనే ఆవిడ కణాల బొమ్మలు తన చేత్తో గీసి మరీ, ఇది టీబీ కాదు, వేరే జబ్బు అని వాదించింది. ఈ జబ్బూ టీబీ రెండూ కలిసి ఉన్నవాళ్ళలో కూడా రెండిటినీ విడదీసి చూడాలంది. ఆడవాళ్ళకు అక్కడ పైకి ఎదిగే దారి లేదని తెలిసి ఆ పని వదిలేసి పోయింది. అదీ మన పాథాలజీ చరిత్రే.

ఇంకోటి. హాడ్జ్‌కిన్ తీసిన గ్రంథులు గైస్ మ్యూజియంలో సీసాల్లో అలాగే ఉండిపోయాయి. దాదాపు వందేళ్ళ తర్వాత, 1926లో, ఫాక్స్ అనే ఆయన వాటిలోంచి ముక్కలు కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే, కొన్నింటిలో హాడ్జ్‌కిన్ జబ్బే ఉంది, ఒకదాంట్లో లేదు. ముక్క దాచి ఉంటే వందేళ్ళకైనా జవాబు చెప్తుంది. మన దగ్గర పదేళ్ళ కిందటి బ్లాకు అడిగితే గోడౌన్ తాళం ఎవరి దగ్గరుందో తెలియదంటారు.

నేను చేసిందేందంటే, తర్వాతి రెండేళ్ళు రోజూ డ్యూటీ అయ్యాక ఒక గంట కూర్చుని, మెడ గడ్డలకు "టీబీకి అనుగుణంగా" అని నేను రాసిన పాత స్లైడులన్నీ మళ్ళీ చూశాను. అంచు దాకా. అనుమానం వచ్చినవాళ్ళను వెతికి పట్టుకున్నాను. దొరికిన తప్పులు కొన్నే, కానీ ఉన్నాయి. ఎలాంటి గ్రాన్యులోమా దగ్గర జాగ్రత్తపడాలో, ఎప్పుడు సూదితో ఆపకుండా ముక్క పరీక్షకు పంపాలో అప్పుడు నాకు చేతికి తెలిసింది. రాసి పంపితే రెండు పత్రికలు వెనక్కి పంపాయి, మూడోది వేసుకుంది. గొప్ప పేపరేమీ కాదు. కానీ మా సర్జన్లు చదివారు, గడ్డలు పంపే తీరు మారింది.

ఇక పంపే తీరు గురించి. నువ్వు రీసెర్చ్ గురించి అడిగితే నేను సీసాల గురించి చెప్తున్నానని విసుక్కోకు. లింఫోమా రీసెర్చ్ సగం చచ్చిపోయేది సీసాలోనే.

గడ్డను చిన్న ఇంజెక్షన్ సీసాలో ఇరికించి పంపుతారు. బయటికి లాగుతుంటేనే నలిగిపోతుంది. కొందరు ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ లేదని సెలైన్‌లో వేసి, సాయంత్రం బస్సుకిచ్చి పంపుతారు. పొదిలి నుంచి మే నెలలో ఆ సీసా నా దగ్గరికి చేరేసరికి లోపలిది గడ్డ కాదు, గుజ్జు. ఫార్మలిన్‌లో వేసినా కోయకుండా వేస్తే పైపొర గట్టిపడుతుంది, లోపలికి మందు ఇంకదు, మధ్యలో కుళ్ళుతుంది. ఉప్పు పట్టని మామిడి ముక్క జాడీలో ఏమవుతుందో మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫార్మలిన్ ముక్కకు కనీసం పదింతలు ఉండాలి, బఫర్ కలిపిన పది శాతంది, వెడల్పు మూతి డబ్బాలో.

తీసిన గడ్డ వెంటనే చేతికొస్తే నేను చేసేది ఇదీ. పదునైన కొత్త బ్లేడుతో పొడవునా రెండు చెక్కలు చేస్తాను. కోసిన ముఖం చూస్తాను. టీబీ అయితే చాలాసార్లు మధ్యలో జున్నులాగా తెల్లగా పొడిపొడిగా ఉంటుంది. లింఫోమా అయితే నున్నగా, తేమగా, బూడిద కలిసిన తెలుపులో, అప్పుడే కోసిన వంజరం ముక్కలాగా మెరుస్తుంది. పుస్తకాల్లో చేపకండ అంటారు, నెల్లూరు వాళ్ళకు ఆ మాట వివరించాల్సిన పనే లేదు. తర్వాత కోసిన ముఖానికి శుభ్రమైన స్లైడు మెల్లగా ఆనించి ఎత్తుతాను, రుద్దకూడదు. నాలుగైదు అద్దులు. అందులో కణాలు ఎంత స్పష్టంగా కనబడతాయో బ్లాకులోంచి కోసిన ఏ పొరలోనూ (సెక్షన్‌లోనూ) అంతగా కనబడవు. టీబీ అనుమానం ఉంటే కొంచెం ముక్క కల్చర్‌కి, సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) సెలైన్‌లో పక్కన పెడతాను. ఫార్మలిన్‌లో పడ్డాక కల్చర్ కుదరదు. మిగతాదాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల బిళ్ళలుగా కోసి ఫార్మలిన్‌లో వేస్తాను. మొత్తం పది నిమిషాల పని.

కోత కూడా ఇక్కడ అంత తేలిక కాదు. ఒంగోలు ఎండల్లో కరెంటు పోతే బ్లాకులోని మైనం మెత్తబడి కోసిన పొర రిబ్బన్‌లా రాదు, ముడతలు పడుతుంది. ఐస్ ట్రే మీద బ్లాకు బోర్లించి, చల్లబడ్డాక రెండు మూడు సెక్షన్లు కోసి, మళ్ళీ ఐస్ మీద పెట్టాలి. మూడు మైక్రాన్లకు మించి మందంగా కోస్తే లింఫోమా స్లైడు కణాల కుప్పలాగా నల్లగా కనబడుతుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. మా టెక్నీషియన్ ఒకాయన ఆ పనిలో దిట్ట. నా పేపర్లలో ఆయన పేరు రచయితల్లో పెట్టించాను, కొందరు నవ్వారు. ఇంకో సంగతి, మా బోరు నీళ్ళు తాగడానికి పనికిరావు కానీ హెమటాక్సిలిన్ అనే రంగు స్లైడు మీద నీలం తిరగడానికి మాత్రం దివ్యంగా పనిచేస్తాయి. క్షారం ఎక్కువ కదా.

సీసా కంటే ముందే ఇంకో ఉపద్రవం ఉంది. మెడలో గడ్డ, జ్వరం అని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడుతుంది. వారంలో గడ్డ కరిగిపోతుంది, ఆయనకు మంచి పేరొస్తుంది. లింఫోమాకి ఇచ్చే చాప్ (CHOP) అనే కీమోలో నాలుగు మందులుంటే, చివరి అక్షరం పి అంటే ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడే. తెలియకుండా పావు వంతు చికిత్స అయిపోయిందన్నమాట. గడ్డ మళ్ళీ లేచేలోపు ముక్క తీస్తే చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకవు. అందుకే నా రిక్వెస్టు ఫారంలో "స్టెరాయిడ్ పడిందా, ఎప్పుడు" అని ఒక గడి పెట్టించాను. నువ్వు రీసెర్చ్ ప్రశ్న కావాలంటే ఇదిగో ఒకటి: మన దగ్గర లింఫోమా రోగి మొదట బిళ్ళ తడిమి చూసుకున్న రోజు నుంచి సరైన రిపోర్టు చేతికొచ్చేదాకా ఎన్ని రోజులు, మధ్యలో ఎన్ని ఇంజెక్షన్లు, ఎన్ని నెలల టీబీ మందులు? దీనికి మెషీన్ అక్కర్లేదు. (అదే చాప్‌లో ఇంకో మందు విన్‌క్రిస్టిన్ మన వాకిట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. పేషెంట్లకు చెప్తే కాస్త ధైర్యపడతారు, ఇంట్లో నూరుకుని తాగొద్దని మాత్రం గట్టిగా చెప్పాలి.)

మెషీన్ లేకుండా రీసెర్చా అనకు. యుగాండాలో బర్కిట్ అనే సర్జన్ 1958లో పిల్లల దవడల్లో వచ్చే కంతుల గురించి రాశాడు. అది సార్కోమా (కండ, ఎముక లాంటి వాటిలో పుట్టే కేన్సర్) కాదు, లింఫోమా అని గ్రహించింది కంపాలాలో ఉన్న ఓ'కానర్ అనే పాథాలజిస్టు. బర్కిట్ ఫొటోలున్న కరపత్రాలు ఆఫ్రికా అంతటా ఆస్పత్రులకు పంపి, 1961లో ఒక పాత కారులో పదివేల మైళ్ళు తిరిగి, ఆ జబ్బు ఎక్కడెక్కడ ఉందో మ్యాపు గీశాడు. ఆ కంతుల ముక్కల్లోంచే 1964లో ఎప్‌స్టైన్ బృందం మనిషిలో కేన్సర్‌తో ముడిపడిన మొదటి వైరస్‌ని పట్టుకుంది. మొదలైంది కరపత్రాలతో, పాత కారుతో.

మెషీన్ ఉన్నవాళ్ళ కథ కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే అదీ పాథాలజిస్టుల కథే. జర్మనీలో కీల్ ఊళ్ళో హరాల్డ్ స్టైన్ బృందం హాడ్జ్‌కిన్ కణాలను పట్టుకునే యాంటీబాడీ కోసం వెతికి, 1982లో కీ-1 అనేదాన్ని బయటపెట్టింది. అది పట్టుకునే గుర్తునే మనం ఇప్పుడు సీడీ30 అంటాం. మరుసటి ఏడాది అదే పనిలో, పెరిగి రెండవుతున్న కణాలను చూపించే కీ-67 వచ్చింది. కీ అంటే కీల్, 67 అంటే కణాలు పెంచే ప్లేటులో ఆ గుంట నంబరు. రోజూ ఎన్నో కేన్సర్ రిపోర్టుల్లో మనం రాసే అంకె వెనక ఉన్నది ఒక ఊరి పేరూ ఒక గుంట నంబరూ. సీడీ30ని గురిపెట్టిన మందు 2011లో వచ్చింది. స్లైడు మీద రంగు వేయడానికి వెతికిన గుర్తు ముప్పై ఏళ్ళకు మందుకి గురి అయింది.

ఫార్మలిన్‌లో ముక్క వేస్తే చాలా యాంటీబాడీలు అతుక్కోవు. 1991లో స్లైడుని ద్రవంలో వేసి మైక్రోవేవ్‌లో వేడిచేస్తే మళ్ళీ అతుక్కుంటాయని తేలింది. తర్వాత ప్రెషర్ కుక్కర్‌తో కూడా అవుతుందని తెలిసింది. నేను ఇమ్యూనో (యాంటీబాడీలతో రంగు వేసే పరీక్ష) మొదలుపెట్టింది మా ఇంటి పాత కుక్కర్‌తోనే, సిట్రేట్ బఫర్ పోసి, విజిళ్ళు లెక్కపెట్టి. మా అత్తగారు ఆ కుక్కర్‌ని మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, సరైన పనే.

యాంటీబాడీల ఖర్చు నిజమే. అందరికీ అన్నీ వేయలేవు. మొదట సీడీ20, సీడీ3 వేసి బి కణమా టి కణమా తేల్చుకో, తర్వాత కణం మొహం చూసి అడుగు ముందుకెయ్. పెద్ద కణాల బి లింఫోమా అయితే సీడీ10, బీసీఎల్6, ఎంయూఎం1. ఈ మూడిటి వెనక కూడా నీకు పనికొచ్చే కథ ఉంది. పైకి ఒకేలా కనబడే ఈ లింఫోమా నిజానికి రెండు జబ్బులని 2000లో జన్యువుల చిప్పుతో తేల్చారు. ఆ చిప్పు ఎంతమందికి దొరుకుతుంది? 2004లో హాన్స్, ఇంకొందరు పాథాలజిస్టులు కలిసి, ఈ మూడు యాంటీబాడీలతో చాలావరకు అదే విభజన చేయొచ్చని చూపించారు. వంద శాతం సరిపోదు, విమర్శలున్నాయి, కానీ ప్రపంచమంతా వాడింది. ఖరీదైనదాన్ని మామూలు ల్యాబులో అయ్యేలా చేయడం మన వంతు రీసెర్చ్ అని నా అభిప్రాయం.

పుస్తకం చెప్పింది మన ఊరికి సరిపోతుందా అనేది ఇంకో రకం. ముంబయి టాటా మెమోరియల్ నుంచి 2000లో 2,773 లింఫోమాల లెక్క వచ్చింది. పాశ్చాత్య దేశాల్లో బాగా కనబడే ఫాలిక్యులర్ రకం మన దగ్గర తక్కువని, పెద్ద కణాల బి రకమే మూడో వంతు దాకా ఉందని తేలింది. మన దగ్గర హాడ్జ్‌కిన్‌లో, ముఖ్యంగా పిల్లల్లో, ఈబీవీ (ఎప్‌స్టైన్ బృందం పట్టుకున్న ఆ వైరస్సే) కూడా ఎక్కువ. ఇవన్నీ పెద్ద ఊళ్ళకు చేరగలిగినవాళ్ళ లెక్కలు. ఉదయగిరి నుంచి, దర్శి నుంచి అక్కడిదాకా పోలేక ఆగిపోయినవాళ్ళు ఏ లెక్కలోనూ లేరు.

అన్నీ లింఫోమా చేసేసే ప్రమాదమూ ఉంది. జపాన్‌లో 1972లో వర్ణించిన కికుచి జబ్బు ఒకటి, వయసులో ఉన్న ఆడపిల్లల మెడలో ఎక్కువ. స్లైడు భయపెడుతుంది, కణాలు చచ్చి ధూళి ధూళిగా ఉంటాయి, చుట్టూ పెద్ద పెద్ద కణాలు. కానీ న్యూట్రోఫిల్స్ (చీములో కనబడే తెల్లకణాలు) ఉండవు. కొన్ని నెలల్లో దానంతటదే పోతుంది. దీనికి లింఫోమా అని రాస్తే అనవసరంగా కీమో ఇచ్చినవాళ్ళమవుతాం. అందుకే అనుమానపు కేసు ఏదైనా ఇంకొకరికి చూపించకుండా వదలొద్దు. చెన్నై రైల్లో మూడు గంటలు. అడయార్‌లో 1954 నుంచి కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఇంకొంత దూరం పోతే వెల్లూరులో సీఎంసీ ఆస్పత్రి ఉంది. బ్లాకు పంపి అడిగితే తలవంపులేమీ లేవు. వాళ్ళ జవాబు నీ రిపోర్టుకి తేడాగా ఉంటే దాన్ని పారేయకు, ఫైల్లో పెట్టు. నా దగ్గర ఆ ఫైలు చాలా లావుగా ఉంది.

దారి గురించి త్వరగా చెప్పేస్తా. థీసిస్ ఎటూ రాయాలి, దాన్ని గడ్డల మీదే పెట్టుకో, ఎవరిదో పాత థీసిస్ తిరగరాయకు. ఎండీ తర్వాత ఆంకోపాథాలజీ (కేన్సర్ పాథాలజీ) ఫెలోషిప్, లేదంటే చండీగఢ్ పీజీఐలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న డీఎం హెమటోపాథాలజీ (రక్తం, లింఫ్ జబ్బుల పాథాలజీ). సీట్లు కొన్నే, గట్టిగా చదవాలి. వీలైతే తప్పకుండా పో. కనీసం ఒక ఏడాది రోజూ లింఫోమాలు చూసే చోట కూర్చోకపోతే కళ్ళకు పదును రాదు. విదేశం దొరికితే అదీ పో, వద్దనను. ఆ తర్వాత నెల్లూరు వస్తావా రావా అనేది నీ ఇష్టం, వస్తే మాత్రం పని ఉంది.

డబ్బు సంగతి దాచను. రీసెర్చ్ మన దగ్గర కూడు పెట్టదు, రిపోర్టింగ్ పెడుతుంది. మీ నాన్నగారు ల్యాబ్ అన్నారంటే ఆయన తప్పు కాదు. ఉద్యోగమో ల్యాబో ఏదో ఒకటి ఉంచుకునే ఇది చేయాలి. అయితే పది ల్యాబులకు సంతకం అరువిచ్చి, చూడని స్లైడుకి పేరు పెట్టే పని మాత్రం వద్దు. అది మొదలైందంటే ఇక దేనికీ టైం ఉండదు, సిగ్గు కూడా పోతుంది. డబ్బు కడితే పది రోజుల్లో పేపరు వేసే పత్రికలు ఇప్పుడు మెయిళ్ళు పంపుతూనే ఉంటాయి. ప్రమోషన్ కోసం అందరూ వేయిస్తున్నారని నీకు చెప్తారు. నేను వేయించలేదు, దానివల్ల నాకు ప్రమోషన్ ఆలస్యమైంది కూడా. నీ ఇష్టం.

చివరికి ఆ నాలుగోది, మనిషి కబురు. రిపోర్టు తీసుకుపోయాక జనం మాయమవుతారు. ఫోన్ నంబర్లు మారిపోతాయి. బెంగళూరు, హైదరాబాద్ కూలికి పోతారు. ఆడపిల్లకి కేన్సర్ వచ్చిందని ఊళ్ళో తెలిస్తే సంబంధాలు రావని ఫోనెత్తగానే పెట్టేస్తారు. నేను మొదట్లో జవాబు కార్డులు జతచేసి ఉత్తరాలు రాసేదాన్ని, కొన్ని వచ్చేవి. తర్వాత తెలిసిందేందంటే, సంక్రాంతి వారంలో ఫోన్ చేస్తే ఎక్కడున్నవాళ్ళైనా ఇంట్లో దొరుకుతారు. భోగి ముందు మూడు రోజులు నాకు అదే పని. ఆస్పత్రి పేరు చెప్పొద్దు, జబ్బు పేరు అసలే చెప్పొద్దు, "మేడం మాట్లాడుతున్నా, ఒంట్లో ఎట్టుంది" అంటే చాలు. పోయారని చెప్పినప్పుడు ఏం మాట్లాడాలో ఇప్పటికీ తెలియదు. తేదీ మాత్రం అడిగి రాసుకుంటాను. ఇదంతా మొదలుపెట్టే ముందు మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకో, పేర్లున్న పుస్తకం తాళం వేసిన బీరువాలో పెట్టు.

రేపే మొదలుపెట్టాలంటే దుకాణంలో లావుపాటి రూళ్ళ పుస్తకం ఒకటి కొను. ముక్క నంబరు, వయసు, ఊరు, గడ్డ ఎక్కడ, ఎన్నాళ్ళుగా, స్టెరాయిడ్ పడిందా, టీబీ మందులు వాడారా, నా రిపోర్టు, వేరేవాళ్ళ రిపోర్టు, ఫోన్ నంబర్లు రెండు, చివర్లో వెడల్పుగా ఒక ఖాళీ గడి. కంప్యూటర్లో కూడా ఎక్కించు, కానీ పుస్తకం మానొద్దు. ముక్క పెట్టే ప్లాస్టిక్ కేసెట్ మీద, స్లైడు గరుకు అంచు మీద నంబరు పెన్సిల్‌తోనే రాయి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాల్‌లో, జైలీన్‌లో కొట్టుకుపోతుంది. పెన్సిల్ పోదు.